గుట్ట మీద ఎర్ర ట్యూబు

నోటీసు వచ్చేసరికి పారక్క తన కొట్లో కూర్చుని ఒక చక్రానికి వంకర తీస్తోంది. చేతుల నిండా గ్రీజు. కవరు అంచు పళ్ళతో చింపి, కాగితం మోకాలి మీద పెట్టుకుని చదివింది. నమ్మకం కుదరక మళ్ళీ చదివింది. మూడోసారి చదివేసరికి అరికాలి మంట నెత్తికెక్కింది.

"అనుమతి, అనుభవం లేని వ్యక్తులు లోపభూయిష్టంగా తవ్విన కారణమున గుట్ట మీది సైకిలు దారి పాడై ప్రమాదకరముగా మారినందున, దానిని శాశ్వతముగా మూసి, దున్నించి, మొక్కలు నాటుటకు ఉద్యానవనాల శాఖ నిర్ణయించినది. అభ్యంతరములున్నచో గురువారం ఉదయం పదకొండు గంటలకు హాజరై చెప్పుకొనవచ్చును."

కింద శాఖ ఇంజనీరు సంతకం ఉంది. ఆ ఇంజనీరు ఎవరో కాదు, పారక్క సొంత చెల్లెలి మొగుడు.

"అనుభవం లేని వ్యక్తులట!" అంది పారక్క పైకే. ఎదురుగా ఉన్న చక్రం తప్ప వినేవాళ్ళెవరూ లేరు. "పదకొండేళ్ళు తవ్వాను. ఈయనగారు పార పట్టుకుంటే పార సిగ్గుపడుతుంది!"

ఆమె అసలు పేరు పక్క కొట్టువాళ్ళకే తెలియదు. సైకిలు వెనక ఎప్పుడూ ఒక పార కట్టుకుని తిరుగుతుందని గుట్టకెళ్ళే కుర్రకారంతా పారక్క అన్నారు, అదే నిలిచిపోయింది. నగరం వెనక వదిలేసిన రాతి క్వారీ గుట్ట ఉంది. వారమంతా సైకిళ్ళు బాగుచేసి, సెలవు రోజు ఆ గుట్టెక్కి దారి తవ్వేది. అలా పదకొండేళ్ళలో తొమ్మిది మలుపుల దారి తయారైంది.

కొండ మీద సైకిలు దారంటే నాలుగు సైకిళ్ళు తిరిగితే అదే పడుతుందని చాలామంది అనుకుంటారు. పడేది దారి కాదు, తొక్కేవాడి పళ్ళు. వానాకాలంలో ఆ గుట్ట మీద నీళ్ళు ఎటు పోతాయో గొడుగు వేసుకుని నిలబడి చూసిన మనిషి పారక్క. నీళ్ళు దారిని దాటి పోవాలి తప్ప దారి మీద నడవకూడదన్నది ఆమె సూత్రం. అందుకే ప్రతిచోటా దారిని బయటివైపుకు రవ్వంత వాలుగా తవ్వింది. మలుపు మలుపుకీ మట్టిగట్టు పోసి, కాళ్ళతో తొక్కి, పార వీపుతో చరిచి గట్టిచేసింది. పదకొండు వానాకాలాలు వచ్చిపోయాయి. ఒక్క గట్టు కూడా జారలేదు.

గుట్ట మీద ఒకే ఒక కట్టడి. వాన పడ్డాక ఎవరూ ఎక్కకూడదు. పిడికెడు మట్టి తీసి గట్టిగా నొక్కాలి. ఉండకట్టి అరచేతికి అంటుకుందా, ఆ రోజు ఇంటికి పోవాలి. వేలితో తాకితే పొడిపొడిగా రాలిందా, ఎక్కొచ్చు. అందరూ మట్టి పిసుకుతూ కూర్చోలేరు కనక, పారక్క ఒక పాత ట్యూబును నిలువునా కోసి, వెడల్పాటి పట్టీలా చేసి, ఎర్రరంగు పూసింది. గుట్ట మొదట్లో ఉన్న గుంజకి ట్యూబు వేలాడుతుంటే దారి మూసినట్టు, లేకపోతే తెరిచినట్టు. కాపలా లేదు, జరిమానా లేదు. అయినా ఆ ట్యూబు మాట జవదాటినవాడు లేడు.

ఎనిమిది నెలల కిందట ఉద్యానవనాల శాఖ గుట్టను తన కిందికి తీసుకుంది. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, పారక్క తవ్విన దారిని "నగర ప్రజలకు శాఖవారి కానుక" అని ప్రకటించింది. పారక్క పళ్ళు నూరుకుంది గానీ గొడవ పడలేదు. దారి బాగుంటే చాలనుకుని, ఏం చెయ్యాలో, ఏం చెయ్యకూడదో రెండు పేజీలు రాసి పట్టుకెళ్ళింది. తపాలు తీసుకునే గుమాస్తా మహా చాదస్తపు మనిషి.

"ఎర్ర ట్యూబు అని రాస్తే ఎలాగమ్మా? ఫైలుకి ఏం తెలుస్తుంది? నమూనా జతపరచాలి," అన్నాడు.

తిట్టుకుంటూనే ట్యూబు చివర జానెడు ముక్క కోసి ఇచ్చింది. అతను ముద్ర కొట్టి రసీదు ఇచ్చాడు. ఆ తర్వాత శాఖ నుంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు.

మూడు వారాల కిందట రెండు రోజులు ఎడతెగని వాన కురిసింది. తెరిపి ఇవ్వగానే పారక్క వెళ్ళి ట్యూబు కట్టి వచ్చింది. మర్నాడే శాఖవారు దారికి ప్రారంభోత్సవం పెట్టుకున్నారని ఆమెకు చెప్పినవాడు లేడు. పిలుపు సరే, కబురైనా లేదు. తరవాతి రోజు గుట్టకి వెళ్ళి చూస్తే గుంజకి ట్యూబు లేదు. దారంతా ఎనభై సైకిళ్ళు బురదలో ఊరేగిన గాడులు. మూడో మలుపు గట్టు సగానికి తెగి కిందికి జారిపోయింది. ఆ గట్టు మీద కూర్చుని పారక్క ఏడ్చింది. అమ్మ పోయినప్పుడు కూడా ఏడవని మనిషి.

రోజూ వచ్చే కుర్రాళ్ళను నిలదీస్తే, "ట్యూబు లేదు కదక్కా, ఆరిపోయిందేమో అనుకున్నాం," అన్నారు. వాళ్ళ తప్పేముంది? ట్యూబు ఎవడో వెధవ ఎత్తుకుపోయాడనుకుంది ఆమె. ఇప్పుడు ఈ నోటీసు. దొంగే దొంగా దొంగా అని అరిచినట్టుంది.

బుధవారం సాయంత్రం చెల్లెలు కొట్టుకి వచ్చింది. వస్తూనే స్టూలు లాక్కుని కూర్చుని, చీర కొంగుతో మొహం తుడుచుకుంది.

"రేపు వెళ్తున్నావా అక్కా?"

"వెళ్ళకేం చెయ్యమంటావే? దున్నించేస్తారట!"

"ఆయన కావాలని చేశారంటావా? పైనుంచి అడుగుతున్నారట, నెల తిరక్కుండా దారి ఎలా పాడైందని. ఎవరో ఒకరి మీద రాయాలి కదా."

"ఎవరో ఒకరంటే నేనా? నీ తోడబుట్టినదాన్ని?"

"పేరు రాయలేదు కదక్కా!"

"ఆ గుట్ట మీద తవ్వింది నేను తప్ప ఇంకెవరున్నారే? పేరెందుకు?"

చెల్లెలు ఓసారి వీధి వైపు చూసింది. తర్వాత గొంతు తగ్గించి, "ఆయన ఉద్యోగం జాగ్రత్త అక్కా. నువ్వేం చెప్పుకున్నా చెప్పుకో. ఆ ట్యూబు గొడవ మాత్రం అక్కడ ఎత్తకు," అంది.

ఏ ట్యూబు గొడవ అని అడిగేలోపే లేచి వెళ్ళిపోయింది. పారక్కకి ఆ మాట చేపముల్లులా గొంతులో ఉండిపోయింది. ట్యూబు పోయిన సంగతి తను చెల్లెలికి చెప్పనే లేదు.

గురువారం పదకొండింటికి వెళ్తే పన్నెండున్నరకి పిలిచారు. పొడవాటి బల్ల వెనక కళ్ళజోడు పెట్టుకున్న శాఖ పెద్దమేడం ఉంది. పక్కన మరిది, ఇస్త్రీ చొక్కా, చేతిలో రిపోర్టు. ఓ మూల తపాలు గుమాస్తా ఫైళ్ళు సర్దుకుంటున్నాడు. మరిది వదిన వైపు చూడకుండా రిపోర్టు చదవడం మొదలుపెట్టాడు. వాలు లోపం, గట్టు లోపం, మట్టి లోపం. వింటుంటే గుట్ట పుట్టడమే లోపమన్నట్టుంది. పారక్కకి ఒళ్ళు మండిపోయి, ఆ మొహం చూడలేక గోడ వైపు చూపు తిప్పింది.

గోడకి కొత్తగా అద్దం కట్టించిన పెద్ద ఫోటో ఉంది. ప్రారంభోత్సవం రోజుది. ముఖ్య అతిథి కత్తెర పట్టుకుని నవ్వుతున్నాడు. పక్కన మరిది కూడా నవ్వుతున్నాడు. ఇద్దరి మధ్యా వెడల్పాటి ఎర్ర రిబ్బను సాగి వేలాడుతోంది. కత్తెర పక్కనే రిబ్బనులో చిన్న గుండ్రటి చిల్లు కనబడుతోంది. రిబ్బనుకి గాలి ఎక్కించే చిల్లు ఎందుకుంటుంది?

పారక్క కుర్చీలోంచి లేచింది.

"మేడం, ఆ చదవడం ఆపించండి. నేను ఎనిమిది నెలల కింద ఇచ్చిన ఉత్తరం తెప్పించండి."

"అలాంటిదేమీ అందలేదండి," అన్నాడు మరిది గబగబా.

మూలనుంచి గుమాస్తా గొంతు సవరించుకున్నాడు. అందలేదన్న మాట అతని చాదస్తానికి తగిలినట్టుంది. "అందింది మేడం. నేను కొట్టిన ముద్ర ఉంటుంది. రెండు పేజీలు, ఒక నమూనా. నమూనా మందంగా ఉండి స్టేప్లరు దిగకపోతే దబ్బనంతో నేనే కుట్టాను," అంటూ ఫైలు తెచ్చి బల్ల మీద విప్పాడు.

రెండో పేజీ అడుగున పురికొసతో కుట్టిన జానెడు ఎర్ర ట్యూబు ముక్క ఉంది. పైన పారక్క గుండ్రటి చేతిరాత: "ఇది గుంజకి కట్టి ఉన్నంతసేపు దారి మూసి ఉన్నట్టు. ఎవరూ తీయరాదు."

పెద్దమేడం ఆ ముక్కనీ, గోడ మీది ఫోటోనీ మార్చి మార్చి చూసింది. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూసింది. 

"ఇంజనీరుగారూ, ఆ రోజు కోయించింది దేన్నండీ?"

మరిది తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. "రిబ్బను తేవడం మర్చిపోయాం మేడం. అతిథిగారు కారు దిగేశారు. గుంజకి ఏదో ఎర్రగా కనిపిస్తే..."

"ఏదోనా?" అంది పారక్క. పన్నెండేళ్ళుగా మీరు అని తప్ప పిలవని మనిషిని ఆ గదిలో నువ్వు అంది. "పోయినేడాది మా ఇంట్లో కూర్చుని, ఆ వేలాడేదేంటి వదినా అని అడిగింది నువ్వే కదా? కాఫీ చేతికిచ్చి, దగ్గర కూర్చుని చెప్పాను కదా?"

"తెలుసు వదినా. ఫోటో అయ్యాక, కోసేముందు లాగేసి మళ్ళీ గుంజకి కట్టేద్దామనుకున్నా. ఈలోపు ఆయన కోసేశారు. కత్తెర మూడు సార్లు నొక్కితే గానీ తెగలేదు."

"మూడు సార్లు! మొదటిసారి తెగనప్పుడైనా నోరు పెగలలేదా?"

"పెద్దవాళ్ళ ముందు ఎలా చెప్పను?"

"అవును, పెద్దవాళ్ళ ముందు చెప్పలేవు. నా మీద మాత్రం రాయగలవు." ఆమె బల్ల మీదికి వంగింది.  "రిబ్బను మర్చిపోయావు, ఎవరైనా మర్చిపోతారు. నేనూ మొన్న ఒకాయన సైకిలుకి బ్రేకు బిగించడం మర్చిపోయి, వీధి చివరిదాకా పరిగెత్తి ఆపాను. పరిగెత్తాను, అది తేడా! చేసిన పొరపాటుకి పరిగెత్తడం మానేసి, తీరిగ్గా కూర్చుని, తప్పు మా వదినది అని సంతకం పెట్టావు. పదకొండేళ్ళ నా రెక్కల కష్టాన్ని దున్నించమని రాసిన చేత్తోనే వచ్చే పండక్కి మా ఇంట్లో అన్నం కలుపుకుంటావా?"

మరిది రిపోర్టు మూసేశాడు. పెద్దమేడం నోటీసు మీద అడ్డంగా ఒక గీత గీసి, రద్దు అని రాసింది. గట్లు శాఖ మనుషులే కట్టాలని, ఈవిడ చెప్పినట్టే కట్టాలని, ఇంజనీరుగారు దగ్గరుండి చూడాలని రాయించింది. ఆ తర్వాత గుమాస్తాను దగ్గరికి పిలిచి, "ముందా ఫోటో దించేయవయ్యా," అంది మెల్లిగా.

"దించకండి మేడం," అంది పారక్క. "ఉండనివ్వండి. మూసి ఉన్న దారిని శాఖవారు తెరిచిన రోజు అని కింద రాయించండి. వచ్చేపోయేవాళ్ళు చదువుకుంటారు."

మేడం ఫైలు మూసేసింది. పారక్క బయటికి వస్తుంటే గుమాస్తా వెనకే వచ్చి ఒక కవరు ఇచ్చాడు. మీద "ప్రారంభోత్సవ రిబ్బను, రెండు ముక్కలు, భద్రపరచవలెను" అని రాసి ఉంది. పారేయకుండా బీరువాలో దాచిన పుణ్యాత్ముడు అతనే. ముట్టినట్టు సంతకం పెట్టించుకుని గానీ చేతికివ్వలేదు.

సెలవు రోజున పారక్క ఆ రెండు ముక్కలకీ ముడి వేసి గుంజకి కట్టింది. ముందు రోజు రాత్రి కాస్త జల్లు పడింది. శాఖ మనుషులు నలుగురు తట్టలతో వచ్చారు. వాళ్ళ వెనక మరిది, దుకాణం చీటీ ఇంకా ఊడని కొత్త పారతో వచ్చాడు. గుట్ట కింద చెల్లెలు నిలబడి అక్క వైపు చూస్తోంది. పైకి రాలేదు.

"వదినా, ఒక్క మాట..."

"మాటలు తర్వాత. ముందు మూడో మలుపు."

ఆమెకు కోపం తగ్గలేదు. తగ్గించుకోవాలని కూడా లేదు. మధ్యాహ్నం దాకా పార కొసతో చూపిస్తూ తవ్వించింది. మరిది చేతులు బొబ్బలెక్కాయి. మట్టిగట్టు సగం లేచాక అతను ఆగి, వంగి, పిడికెడు మట్టి తీసి గట్టిగా నొక్కి వేళ్ళు విప్పాడు. మట్టి ఉండకట్టి, అరచేతికి అంటుకుంది. ఆ చెయ్యి ఆమె ముందుకు చాపాడు.

"ఇవాళ ఎక్కకూడదు వదినా," అన్నాడు.

"ఆ సంగతి నీకు ఆ రోజు కూడా తెలుసు," అంది పారక్క.