అతిథులకు పార ఇవ్వరు

సేవ చేస్తామని కొండెక్కి వచ్చిన పిల్లలు రెండు రోజులుగా తింటూ కూర్చున్నారు. అరబ్బు దేశంలో, రస్ అల్ ఖైమా కొండల్లో, ఫోన్ సిగ్నల్ కూడా మొహం చాటేసే చోట, పట్టుమని పదిళ్లు లేని ఊరది. మొన్న ఏప్రిల్ వానలకి, ఊట నుంచి ఖర్జూరపు తోటకి నీళ్లు తెచ్చే రాతి కాలువ పూడిపోయింది. గెలలు రంగెక్కే వేళకి చెట్ల మొదట్లో తడి లేదు. దాన్ని బాగుచేద్దామని దూరాన రువైస్ పట్నం నుంచి తోటి పిల్లల్ని పోగేసింది పదహారేళ్ల వాసంతి. పని పూర్తి చేసుకునే వస్తామని వాళ్ల అమ్మానాన్నలకి మాట కూడా ఇచ్చింది.

మాటైతే ఇచ్చింది గానీ, తోట యజమానురాలు ఉమ్ రాషిద్ పార ఇస్తేగా! ఆ కొండవాళ్ల లెక్కలో గడప తొక్కినవాడు మూడు రోజులు అతిథి. అతిథి చేత పని చేయించడమంటే పరువు పోగొట్టుకోవడమే. ముసలావిడ పారలన్నీ కొట్లో పెట్టి తాళం వేసేసి, పళ్లేల మీద పళ్లేలు అన్నం, మాంసం పంపుతోంది. పిల్లలు వచ్చిందే మూడు రోజులకి.

"ఏవమ్మా, మనం పనికొచ్చామా, పెళ్లికొచ్చామా?" అన్నారు వెంట వచ్చిన సత్యప్రసాద్ మాస్టారు. "రేపు మజ్జాన్నం వ్యానొచ్చేత్తది. ఖలాస్!"

"ఫికర్ పడకుండ్రి సార్. నేను మాట్లాడ్త," అంది వాసంతి.

తన మీద తనకి అనుమానం రావడం ఆ పిల్ల ఎరగదు. బళ్లో నేర్చిన అరబ్బీ మీద మటుకు కాస్త వచ్చింది. అయినా మర్నాడు తెల్లవారుతూనే వంటింట్లోకి నడిచింది. ఉమ్ రాషిద్ పిండి పిసుకుతోంది.

"యద్దా," అంది వాసంతి, అక్కడివాళ్లు అవ్వని పిలిచే పిలుపుతో. "అతిథి పని చెయ్యకూడదు, సరే. మనవరాలు చెయ్యొచ్చా?"

ముసలావిడ పిల్లని ఎగాదిగా చూసింది. "చెయ్యొచ్చా ఏమిటి? నా మనవరాళ్లు ఈపాటికి పనిలో ఉంటారు!" అని తాళంచెవి విసిరింది.

మర్యాదలు ఆ క్షణంతో సరి. ముసలావిడ కాలువ గట్టున కర్ర పట్టుకు నిలబడి, రాయి వంకరగా పెట్టినవాణ్ణి, మట్టి సగం తట్టే ఎత్తినవాణ్ణి, ఒక్కణ్ణీ వదల్లేదు. మాస్టారికీ ప్యాంటు మడిచి దిగక తప్పలేదు. ఆయన్ని ఏ వరస పెట్టి తిట్టిందో ఎవరికీ తెలీదు. ఎండ ముదిరేలోపు బురద నీళ్లు బిరబిరా వచ్చి మొదటి వరస చెట్లని తడిపాయి. పిల్లలు గోల గోల చేశారు.

మధ్యాహ్నం వ్యాను హారన్ కొట్టింది.

"వెళ్లొస్తాం యద్దా," అంది వాసంతి.

"ఎక్కడికి? చివరి వరసకి నీళ్లింకా ఎక్కలేదు. అతిథివైతే నేనే సాగనంపుదును. ఇంటి పిల్లవి, నన్నడక్కుండా గడప దాటతావా?"

వాసంతి పుట్టింది ఈ దేశంలోనే. నాన్న వీసా ఉన్నన్నాళ్లే మనం ఇక్కడ అని వింటూ పెరిగింది. ఎప్పుడు వెళ్తారని అడిగినవాళ్లే గానీ, ఎవర్నడిగి వెళ్తున్నావని కసిరినవాళ్లు ఇన్నేళ్లలో ఒక్కరూ లేరు. సంతోషంతో కళ్లు నిండిపోయాయి.

పార భుజాన వేసుకుని అక్కణ్ణుంచే కేకేసింది. "సార్, వ్యానును రేపు రమ్మనుండ్రి! మా యద్దా పోనిస్తలేదు!"