కెఫాయా కొవ్వొత్తి

కెఫాయా పొయ్యిలోకి మొక్కజొన్న చొప్ప తోసి, మంట సమంగా లేచాక చెక్క పారతో రొట్టెను లోపలికి జార్చింది. ఆ సెగకు ఆమె కనురెప్పల వెంట్రుకలు ఎప్పుడో పలచబడ్డాయి. ముంజేతుల మీద ఒక్క వెంట్రుకా లేదు. సోహాగ్ పట్నం దగ్గరి ఆ పల్లెలో చాలా ఇళ్లకు ఆమె కాల్చిన రొట్టెలే వెళ్తాయి. ఆ రోజు మధ్యమధ్యలో గుండె మీద చెయ్యి పెట్టుకుని ఆగింది. ఎవరూ గమనించలేదు.

రొట్టెలకు వచ్చిన పొరుగింటి ఫర్హానా గుమ్మంలోనే కూర్చుంది.

“ఏమే, మీ అబ్బాయి బదావీ మూడో ఆడపిల్లకి నీ పేరే పెడతాడటగా?”

“నాది పాతపేరు లేవే.”

“పాతదైతేనేం, పనిచేసే మందు. నీ తర్వాతే కదా మీ నాయనకి కొడుకు పుట్టింది.”

కెఫాయా అంటే ‘ఇక చాలు’ అని అర్థం. ఐదో ఆడపిల్లగా పుట్టినందుకు తండ్రి పెట్టాడు. మరుసటి ఏడు తమ్ముడు పుట్టడంతో పేరుకు మహిమ ఉందని ఊరు నమ్మింది. ఆడపిల్లలు ఎక్కువైన వాళ్లు వచ్చి అడిగి మరీ తమ పిల్లలకు పెట్టుకున్నారు. ఆ వీధిలో ఇంకో ఇద్దరు కెఫాయాలున్నారు. వాళ్లు ఎదురైతే ఆమె తల వంచుకుని పోతుంది.

సాయంత్రం మనవరాలి ఏడోరోజు వేడుక. ఆచారం ప్రకారం జల్లెడలో పడుకోబెట్టిన పిల్ల పక్కన ఫర్హానా ఇత్తడి రోలు మోగిస్తూ, “అమ్మ మాట విను, అయ్య మాట వినకు,” అంది. బదావీ కూడా నవ్వాడు.

కోడలు రావియా అడిగిన పేరు షురూక్. పొద్దుపొడుపు అని అర్థం.

“బళ్లో షురూక్ అంటే సగం తరగతి లేచి నిలబడుద్ది,” అన్నాడు బదావీ.

“నిలబడనీరా. దానికి తోడుంటారు,” అంది కెఫాయా. కొడుకు ముందు అంతకన్నా మాట్లాడటం ఆమెకు అలవాటు లేదు.

పళ్లెంలో రెండు కొవ్వొత్తులు వెలిగించి, ఒకదానికి షురూక్ అని, రెండోదానికి కెఫాయా అని పేర్లు చెప్పారు. చివరిదాకా వెలిగినదే పిల్ల పేరు. వెలిగించాక ఎవరూ ముట్టుకోకూడదు.

షురూక్ కొవ్వొత్తి కిటికీ వైపుంది. గాలికి మంట వాలిపోయి మైనం ఒకపక్కకే కారుతోంది. రెండోది నిటారుగా వెలుగుతోంది. రావియా పిల్లను చూడటం మానేసి మంటనే చూస్తోంది.

కెఫాయా లేచి వెళ్లి కిటికీకి వీపు ఆనించి కూర్చుంది. నల్ల శాలువా రెండు చేతులా పరిచింది. షురూక్ మంట నిలబడింది. గాలి ఆమె భుజం పక్కగా తిరిగి రెండో మంట మీద పడింది.

“అమ్మా, ఇటు జరుగు.”

“మోకాళ్లు పట్టేసినయిరా.”

బదావీ మళ్లీ పిలిచాడు. ఆమె ముఖం చెమటతో తడిసింది. జరగలేదు. కాసేపటికి కెఫాయా పేరున్న కొవ్వొత్తి వత్తి తన మైనంలోనే మునిగి ఆరిపోయింది.

బదావీ ఆరిన వత్తి పొగను చూశాడు. “సరే. షురూకే,” అన్నాడు. రావియా పిల్ల చెవిలో ఆ పేరు చెప్పింది.

“లేవే, పప్పులూ మిఠాయిలూ పంచాలి,” అంటూ ఫర్హానా కెఫాయా భుజం తట్టింది. ఆమె తల కిటికీ చట్రం మీదికి ఒరిగింది. పిల్ల పేరు విన్నదో లేదో ఎవరూ చెప్పలేకపోయారు.

కెఫాయాను పాతిపెట్టిన మర్నాడు రావియా ఆమె శాలువాను ఉతికి మేడమీద ఆరేసింది. ఎంత రుద్దినా అంచున గడ్డకట్టిన మైనపు బొట్టు ఊడలేదు.