చెప్పకుండా వచ్చే బండి

కాజీపేట స్టేషన్లో ప్లాట్‌ఫాం మీద మా నాయిన ముక్కు పట్టుకుని నిలబడి ఉన్నాడు, నేను మెట్లు దిగుతున్నాను, ఎంత దిగినా మెట్లు అయిపోవడం లేదు, దిగేకొద్దీ అవి మా పాత రైల్వే క్వార్టరు గుమ్మంలా మారిపోతున్నాయి, ఎలాగో ఆయన పక్కకు చేరేసరికి మా కాళ్ళ కింద వంటింటి గచ్చు పరిచి ఉంది. ఆయన పోయి చాలా ఏళ్ళయిందని నాకు గుర్తుంది. మొహం మీద ఆ మాట అనడం మర్యాద కాదని కూడా తెలుసు.

"దయచేసి వినండి," అంటున్నాడు నాయిన, ముక్కులోంచి వచ్చే గొంతుతో. "కొమురయ్య కోపం ఎక్స్‌ప్రెస్ మరి కొద్దిసేపట్లో వంటింట్లోకి వచ్చుచున్నది. పాలు ఒలకబోసినవారు పట్టాలకు దూరముగా నిలబడవలెను."

నా చిన్నప్పుడు తనకు కోపం వచ్చినప్పుడల్లా మా నాయిన కొమురయ్య చేసిన పని ఇదే. పార్శిల్ ఆఫీసులో గుమాస్తా, రోజంతా మైకు వింటూ బతికినవాడు. ముందు తెలుగులో చెప్పేవాడు, తర్వాత వచ్చీరాని హిందీలో, ఆ తర్వాత తానే కల్పించుకున్న ఇంగ్లీషులో. ఇంగ్లీషు పూర్తయ్యేసరికి అన్నయ్యా నేనూ కడుపు పట్టుకుని నవ్వుతుండేవాళ్ళం, ఆ బండి మా ఇంట్లో ఆగకుండానే వెళ్ళిపోయేది.

"నాయినా, నీకు అసలు కోపమే రాకపోయేదా?" అని అడుగుతాను. బతికుండగా అడుగుదామనుకుంటూనే అడగకుండా ఉండిపోయిన మాట అది.

"రాకేంది బిడ్డా. నువ్వు నా రేడియో నీళ్ళల్ల ముంచి కడిగిననాడు నీ వీపు పగలగొడుదామనిపించింది. గని ముక్కు పట్టుకొని ఎవరన్న తిట్టగలుగుతరా? నువ్వు తిట్టి చూడు."

ముక్కు పట్టుకుని తిట్టబోతాను. ఎంత పెద్ద తిట్టయినా జలుబు చేసినవాడి మాటలా వస్తుంది. నవ్వొస్తుంది, నవ్వుతూనే సిగ్గుతో చచ్చిపోతున్నాను, ఎందుకంటే నిన్న పొద్దున నా చెయ్యి ముక్కు దాకా పోలేదు.

"నిన్న ఏమైంది?" అంటాడు, నేను పైకే అన్నట్టు.

చెప్పక తప్పదు. నా ఏడేళ్ళ కూతురు లాస్యకు ఒక షూ దొరకలేదు. బయట స్కూలు ఆటో హారన్ ఆపడం లేదు, పెనం మీద చపాతీ మాడుతోంది, ఆఫీసు నుంచి ఫోను మీద ఫోను. మంచం కింద దొరికిన ఆ షూని గోడకేసి కొట్టి, "నువ్వు లేకపోతే నా బతుకు హాయిగ ఉండేది" అన్నాను. అది ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది. గోడ దగ్గరికి వెళ్ళి షూ తెచ్చుకుని, నా వైపు చూడకుండా తొడుక్కుంది.

"ఏమన్నవో మల్ల చెప్పు," అంటాడు నాయిన.

రెండోసారి ఆ మాట నా నోట రాదు. ప్లాట్‌ఫాం మెల్లగా కదులుతోంది, లేదా మేమే కదులుతున్నాం, టీ స్టాలు మా బడి అవుతుంది, బడి మళ్ళీ టీ స్టాలు అవుతుంది, ఆ చివర సిమెంటు బెంచీ మీద ఒక చిన్నపిల్ల సంచీ ఒళ్ళో పెట్టుకుని ఒక్కతే కూర్చుని ఉంది. మొదట నేనే అనుకుంటాను. మెడలో టై చూశాక కాదని తెలుస్తుంది, మా బడిలో టై లేదు.

"ఎప్పటిసంది కూసున్నదో," అంటాడు నాయిన. "బండి ఎప్పుడొస్తదో దానికి ఎరుకలేదు. నేను మైకుల చెప్పింది మిమ్ముల నవ్వియ్యనీకనే అనుకున్నవా? ముందుగాల చెప్తే పక్కకు జరుగుతరని చెప్పిన. చెప్పకుంట వచ్చే బండికి పిల్లలు ఎటు జరగాలె బిడ్డా?"

"ఇప్పుడు చెప్పొచ్చా నాయినా?" అంటాను.

"నన్నడుగుడేంది? పొయ్యి దానికి చెప్పు."

బెంచీ వైపు పరుగెడతాను, ముక్కు పట్టుకుంటాను, దయచేసి వినండి అనబోతాను, నా అడుగుల చప్పుడు వినగానే ఆ పిల్ల చటుక్కున లేచి వీపు గోడకు ఆనించి నిలబడుతుంది. సాయం రమ్మని వెనక్కి తిరిగితే నాయిన లేడు.

మెలకువ వచ్చింది. కిటికీలోంచి ఎండ పడుతోంది. ఆదివారం కాబట్టి అలారం పెట్టలేదు. పక్కన లాస్య లేదు.

హాల్లోకి వెళ్ళాను. సోఫా అంచు మీద కూర్చుని ఉంది, పూర్తి యూనిఫారంలో. జడ వేసుకోవడం రాక రిబ్బను మణికట్టుకు చుట్టుకుంది. కుడి షూ ఎడమ కాలికి, ఎడమది కుడి కాలికి తొడుక్కుంది. నన్ను చూసి లేచి నిలబడింది.

"ఇయ్యాల లేట్ చెయ్యలే మమ్మీ," అంది.