మూడు వందల అడుగుల గీత

ఒకప్పుడు ప్రేమదాసుకు ఆదివారమంటే పొద్దున్నే చర్చిలో ప్రార్థన, మధ్యాహ్నం కోడికూర, ఆ తర్వాత కమ్మని కునుకు. లార్సు వచ్చాక ప్రార్థన ఒక్కటే మిగిలింది, అదీ సగం సగం.

లార్సు డెన్మార్కు ఇంజనీరు. జగ్గయ్యపేట దగ్గర కొత్తగా కడుతున్న సిమెంటు ఫ్యాక్టరీలో మిల్లు బిగించడానికి 1981 చివర్లో వచ్చాడు. ఇరవై ఎనిమిదేళ్లవాడు, గుమ్మం దగ్గర తల వంచకపోతే బొప్పి కట్టేంత పొడుగు. వారంలో ఆరు రోజులు గ్రీజు పూసుకుని పనిచేసేవాడు. ఏడో రోజు గెస్టుహౌసులో ఫ్యాను కింద కూర్చోమంటే మాత్రం ఆయన వల్ల అయ్యేది కాదు. తన దేశంలో ఆర్నెల్లు సూర్యుడి మొహమే సరిగ్గా కనపడదట. అందుకని మన ఎండను చూసి, పెళ్లివారింటికి వచ్చిన పిల్లాడిలా సంబరపడేవాడు. ఆదివారం తొమ్మిదయ్యేసరికి టోపీ పెట్టుకుని, మంచినీళ్ల సీసా భుజాన వేసుకుని జీపు దగ్గర తయారు. ఇవాళ ఎటు అని అడిగేవాడు.

ఆ జీపు డ్రైవరే ప్రేమదాసు. అంతకుముందు పదేళ్లు లారీ తోలాడు. మిషను బడిలో ఎనిమిది దాకా చదివాడు గనక ఇంగ్లీషు వచ్చని దొర జీపు అతనికిచ్చారు. వచ్చిన ఇంగ్లీషు ఎంతంటే, లార్సు పది మాటలంటే ఆరు అర్థమయ్యేవి. మిగతా నాలుగూ ఆయన చేతులు చూసి పట్టుకునేవాడు. అతని భార్య జయమణిది గెస్టుహౌసులో వంట పని. లార్సు ఆమె చేతి గోంగూర పచ్చడి మొదటిరోజు తిని కన్నీళ్లు పెట్టుకున్నాడు, రెండోరోజు మళ్లీ వడ్డించమన్నాడు.

అలా మొదలయ్యాయి ఆదివారం షికార్లు. వేదాద్రి రేవులో స్నానానికి దిగితే, ఒడ్డున పెట్టిన టోపీని కోతి ఎత్తుకుపోయింది. ముక్త్యాల దగ్గర పుట్టి ఎక్కి, తెడ్డు తనకిమ్మని జాలర్లను బతిమాలాడు. ఇచ్చారు. అరగంట సేపు పుట్టి ఉన్నచోటే గిర్రున తిరిగింది తప్ప ఒక్క గజం ముందుకు పోలేదు. ఒడ్డున వలలు బాగుచేసుకునేవాళ్లు పని మానేసి నవ్వారు. వాళ్లకంటే ఎక్కువగా నవ్వినవాడు లార్సే.

శివరాత్రి తిరునాళ్లకు మాత్రం ప్రేమదాసు ఆయన్ని నందిగామ అవతల రత్తయ్యగారి ఊరికి తీసుకెళ్లాడు. అక్కడ ఎడ్ల చేత బండ లాగించే పోటీలు. రత్తయ్య పెద్ద రైతు. ఆయన ఎడ్లజత మచ్చగాడు, బుల్లిగాడు అంటే ఆ చుట్టుపక్కల తెలియనివాళ్లు లేరు. ప్రేమదాసు తండ్రి జ్ఞానయ్య ఒకప్పుడు ఆ ఇంట్లోనే పాలేరు. ప్రేమదాసు చిన్నతనం ఆ గొడ్ల కొట్టంలోనే గడిచింది.

పోటీ సంగతి చెప్పాలి. మూడు వందల అడుగుల బరికి రెండు చివరలా సున్నంతో గీత గీస్తారు, గీత మీద ఎర్రజెండా పాతుతారు. రెండు టన్నుల రాతిబండకు మోకు తగిలిస్తారు. ఎడ్లు ఆ గీత దాకా లాగి గిరుక్కున వెనక్కి తిరుగుతాయి. బండకు రెండువైపులా కొక్కేలుంటాయి కాబట్టి, మోకు మార్చి తగిలిస్తే మళ్లీ ఈ చివరికి లాగుతాయి. ఇచ్చిన సమయంలో ఎన్ని అడుగులు లాగితే అంత గొప్ప. డప్పులు, ఈలలు, జనం కేకలు సరేసరి. లార్సు పుస్తకం తీసి గడియారం చూస్తూ ఏవో లెక్కలు రాసుకున్నాడు. అది చాలక టేపు పట్టుకుని మచ్చగాడి ఛాతీ కొలవబోయాడు. పరాయివాడు ఎడ్ల మీద చెయ్యి వేస్తే కర్ర తీసే రత్తయ్య, ఆ రోజెందుకో మెత్తబడ్డాడు.

"ఈ అబ్బాయికి గొడ్డు విలువ తెలుసురా దాసూ" అని కుండెడు మజ్జిగ తెప్పించాడు.

అంతా బాగానే ఉంది గానీ, మార్చిలో మిరపకాయలు కొంప ముంచాయి. నందిగామ దారిలో కల్లం నిండా ఎర్రగా ఆరబోసి ఉన్న మిరపకాయల్ని చూసి లార్సు దిగాడు, దోసిళ్లతో ఎత్తి పోసి మురిశాడు. ప్రేమదాసు వద్దని అరిచేలోపే ఆ చేతులతోనే కళ్లు నులుముకున్నాడు. రైతు ఇంటి బిందెలన్నీ ఖాళీ అయినా మంట తగ్గలేదు. సాయంత్రం రెండు కళ్లూ బూరెల్లా వాచి గెస్టుహౌసు చేరాడు.

మర్నాడు ఆఫీసు మేనేజరు జగన్నాథరావుగారు ప్రేమదాసును పిలిపించాడు. చెడ్డవాడు కాదు గానీ, కాయితం మీద లేనిది లోకంలోనే లేదనుకునే మనిషి.

"నీ పర్మనెంటు ఆర్డరు టైపయి నా సొరుగులో ఉంది. దొర విషయంలో ఇంకొక్క పిచ్చిపని చేశావా, అది చిత్తుకాయితాల బుట్టలోకి పోతుంది" అన్నాడు.

టెంపరరీ డ్రైవరుకు ఫ్యాక్టరీ కట్టడం పూర్తయిన రోజే ఆఖరి రోజు. ఆ తర్వాత మళ్లీ లారీ, మళ్లీ వారానికి రెండు రాత్రులే ఇంట్లో. పర్మనెంటయితే క్వార్టరు, నెలనెలా జీతం, చచ్చేదాకా ఒకే ఊళ్లో బతుకు. ప్రేమదాసుకు భయం పట్టుకుంది. ఆ తర్వాత నాలుగు నెలలు లార్సు ఎటు అని అడిగితే జగ్గయ్యపేట సంత దాటించలేదు. ఈ మాట ఇంట్లో చెప్పుకుంటే ఓదార్పు దొరుకుతుందనుకున్నాడు పాపం.

"ఆయనకి వేదాద్రి చూపించావు, ముక్త్యాల చూపించావు. పెళ్లయి పదకొండేళ్లయింది, నన్ను నందిగామ ఆసుపత్రికి తప్ప ఇంకోచోటికి తీసుకెళ్లావా? నాకు ముందు కృష్ణ చూపించు, ఆ తర్వాత వింటాను నీ బాధ" అంది జయమణి.

అదీ న్యాయమే.

జులైలో వానలు పట్టుకున్నాయి. మిల్లుకు రావాల్సిన గేరుబాక్సు సరిగ్గా అప్పుడే వచ్చింది. ఫ్యాక్టరీ గేటు లోపల కొత్తగా పోసిన రోడ్డు అంచు జారి, లారీ నల్లరేగడిలోకి ఒరిగింది. రెండు టన్నుల గేరుబాక్సు, కింద బిగించిన దుంగలతో సహా బురదలోకి దిగింది. అదృష్టం కొద్దీ నిటారుగానే కూర్చుంది. మిల్లు షెడ్డు అక్కడికి అయిదు వందల అడుగులు పైనే. క్రేను తెస్తే ముందు చక్రాలు దిగబడ్డాయి, దాన్ని లాగడానికే సాయంత్రమయింది. రేగడిమట్టి సంగతి తెలిసిందే. పొడిగా ఉంటే రాయి, తడిస్తే జిగురు. గేరుబాక్సు పూటకో అంగుళం చొప్పున దిగిపోతోంది. బిగించడం ఆలస్యమైతే లార్సు ఇంకో ఏడాది ఉండాలి, లేదా ఇంకొకరు రావాలి.

మర్నాడు పొద్దున లార్సు బురదలో నిలబడి దుంగలకేసి చూశాడు, వాటికున్న కొక్కెం కేసి చూశాడు, తర్వాత ప్రేమదాసు కేసి చూశాడు.

"రత్తయ్య" అన్నాడు. అంతే.

ప్రేమదాసుకు అర్థమయింది. ఇంతకంటే పిచ్చిపని ఇంకొకటి ఉండదు. అయినా ఆ కళ్లలో ఆశ చూశాక కాదనలేకపోయాడు. జీపు వేసుకుని వెళ్లి రత్తయ్య కాళ్లావేళ్లా పడ్డాడు. రత్తయ్య ఎడ్లకు ఉలవలు పెట్టించి, లారీ ఎక్కించి, మధ్యాహ్నానికి ఫ్యాక్టరీలో దింపాడు.

జగన్నాథరావుగారు ప్రమాదం జరుగుతుందని కూలీలందర్నీ దూరంగా పంపేశాడు, ఎవరూ నోరెత్తకూడదన్నాడు. కాడి కట్టారు, మోకు తగిలించారు. రత్తయ్య అదిలించాడు. ఎడ్లు అటూ ఇటూ చూసి, తోకలాడిస్తూ నిలబడ్డాయి. మళ్లీ అదిలించాడు. బుల్లిగాడు పేడ వేశాడు.

మేనేజరు ఒకసారి ప్రేమదాసు వైపు చూశాడు. ఆ చూపులో చిత్తుకాయితాల బుట్ట కనపడింది. ఎలాగూ పోయేదే అనుకున్నాడేమో, ప్రేమదాసుకు ఎక్కడలేని ధైర్యం వచ్చింది.

"సార్, అవి పందెపు ఎడ్లండి. పందెం లేందే లాగవండి. జనం కావాలి, డప్పు కావాలి, బరి గియ్యాలండి. ఒక్క గంట నాకొదిలెయ్యండి. కాకపోతే ఆ కాయితం నేనే చింపుతానండి."

జగన్నాథరావుగారు సరేనన్నాడు. కాయితం చింపే బాధ తప్పుతుందనుకున్నాడో ఏమో.

ప్రేమదాసు ప్యాంటు మోకాళ్ల దాకా మడిచాడు. సున్నం బస్తా తెచ్చి ఈ చివరా ఆ చివరా తెల్లగా గీతలు గీశాడు. స్టోరులోంచి ఎర్రగుడ్డ తెచ్చి కర్రకు కట్టి పాతాడు. పేట నుంచి డప్పులవాళ్లను జీపులో ఎక్కించుకొచ్చాడు. కూలీలు, మేస్త్రీలు, గుమాస్తాలు రెండు వరసల్లో నిలబడ్డారు. గెస్టుహౌసు మెట్ల మీద జయమణి గరిటెతో సహా హాజరు. డప్పు మోగగానే ఎడ్ల చెవులు నిక్కపొడుచుకున్నాయి. మచ్చగాడు ముందుకాలితో నేల గీరాడు. లార్సు నోట్లో రెండు వేళ్లు పెట్టి వేసిన ఈల డెన్మార్కులో కూడా వినపడి ఉంటుంది.

కదిలింది. చప్పుడు చేస్తూ బురద విడిచింది. యాభై అడుగులు, వంద, రెండు వందలు. తడి రేగడి మీద దుంగలు జారుతుంటే జనం పూనకం వచ్చినట్టు అరిచారు. జగన్నాథరావుగారు కూడా తాను మేనేజరునన్న సంగతి మర్చిపోయి చేతిరుమాలు ఊపాడు. ఎర్రజెండా దాకా వచ్చాయి ఎడ్లు. వచ్చి, గిరుక్కున వెనక్కి తిరిగాయి. వచ్చిన దారికేసి మొహాలు పెట్టి, ఎవరో వచ్చి మోకు మారుస్తారని బుద్ధిగా నిలబడ్డాయి.

రత్తయ్య తిప్పాడు. రెండడుగులు వేసి గీత దగ్గర మళ్లీ వెనక్కి తిరిగాయి. ఇంకోసారి తిప్పాడు. ఇంకోసారీ అంతే.

"పుట్టినకాడ్నించి మూడొందలడుగులు దాటి ఎరగవు దాసూ. ఆ గీత ఇక్కడ గీసిందెవడ్రా?" అన్నాడు రత్తయ్య.

గీసింది ప్రేమదాసే. షెడ్డు అయిదు వందల అడుగుల దూరంలో ఉందని తెలిసీ, చెయ్యి అలవాటు కొద్దీ మూడు వందలకు గీసేసింది. చిన్నప్పటి నుంచి వందసార్లు చూసినవాడికి ఇంకోచోట గియ్యాలన్న ఆలోచనే రాలేదు. డప్పులు ఆగిపోయాయి. ఆకాశం మళ్లీ నల్లబడుతోంది. క్వార్టరు, జీతం, ఒకే ఊళ్లో బతుకు అన్నీ ఆ తెల్లగీత దగ్గరే ఆగిపోయాయనుకున్నాడు ప్రేమదాసు.

అప్పుడతనికి చిన్ననాటి కొట్టం గుర్తొచ్చింది. ఎడ్లు చూసేది నేలను కాదు, జెండాను అనేవాడు నాన్న జ్ఞానయ్య. ప్రేమదాసు చెప్పులు విడిచేశాడు. కాలితో సున్నం గీత మీద బురద తోసి చెరిపాడు. జెండా పీకి భుజాన పెట్టుకుని షెడ్డు వైపు పరుగు లంకించుకున్నాడు. నలభై ఏళ్ల మనిషి, ఖాకీ చొక్కా, బొజ్జ, రెండుసార్లు జారి మోకాళ్ల మీద పడ్డాడు. జెండాను మాత్రం కింద పడనివ్వలేదు. వెనక రత్తయ్య అదిలింపు వినపడింది. డప్పులు మళ్లీ అందుకున్నాయి. ఎడ్లు జెండా వైపు తిరిగాయి. గీత ఎక్కడుందో వెతుక్కుంటూ వెళ్లినట్టే షెడ్డు దాకా వెళ్లాయి. మిల్లు పునాది పక్కన ప్రేమదాసు జెండా నాటగానే అక్కడ వెనక్కి తిరిగి నిలబడ్డాయి.

లార్సు టేపు పట్టి కొలిచాడు. ఆయనకు మన అంకెలు ఎవరు నేర్పారో గానీ, తెలుగులోనే అరిచాడు: "అయిదు వందల నలభై అడుగులు!"

మెట్ల మీద జయమణి నవ్వలేక కూలబడిపోయింది. మొగుడు బురదలో దొర్లితే నవ్వొచ్చింది, లేచి మళ్లీ పరిగెడితే కళ్లనీళ్లొచ్చాయి. రెండూ ఒకేసారి వచ్చాయని ఆ తర్వాత తనే చెప్పింది.

గురువారం సొరుగులోంచి కాయితం బయటికొచ్చింది. ప్రేమదాసు రెండు చేతులతో అందుకుని, ఒక్కో అక్షరం కూడబలుక్కున్నాడు. చివరి వాక్యం దగ్గర మొహం పాలిపోయింది. పర్మనెంటు ఉద్యోగికి ఆదివారం సెలవు. ఆ రోజు జీపు తియ్యకూడదు.

"మరి లార్సుగారి ఆదివారాలు సార్?"

జగన్నాథరావుగారు కళ్లజోడు సర్దుకున్నాడు. "దొరకి లైసెన్సుంది. కాయితం మీద చూశాను" అన్నాడు.

ఆదివారం ప్రార్థన అయింది. కోడికూర పొయ్యి మీద ఉంది. వీధిలో హారను మోగితే ప్రేమదాసు బయటికొచ్చాడు. గేర్లు కీచుమంటూ జీపు వచ్చి గుమ్మం ముందాగింది. స్టీరింగు ముందు లార్సు, పక్క సీటు ఖాళీ. ఆయన టోపీ తీసి జయమణికి నమస్కారం పెట్టాడు.

"ఎక్కడికండి?" అని అడిగాడు, తెలుగులోనే.

జయమణి కూర దించి, మూతపెట్టిన గిన్నెతో సహా వచ్చింది. చీర మార్చుకోవడానికి కూడా ఆగలేదు, ఎక్కడ వీళ్ల మనసు మారుతుందోనని.

"ముక్త్యాల. కృష్ణ చూడాలి" అంది.

లార్సు పక్క సీటు ఆమెకు చూపించాడు. ఆమె ఎక్కి కూర్చుంది. ప్రేమదాసు కొత్త చొక్కా గుండీలు పెట్టుకుంటూ, పదేళ్ల లారీ, ఏడెనిమిది నెలల జీపు నేర్పిన దారినే నడిచి, తిన్నగా డ్రైవరు వైపు వెళ్లి తలుపు మీద చెయ్యి వేశాడు. లోపలి నుంచి లార్సు ఆశ్చర్యంగా చూశాడు.

జయమణి గిన్నె ఒళ్లో సర్దుకుంది.

"గీత చెరిగిపోయిందయ్యా. ఇంకా అటే తిరుగుతావేంటి? వెనకెక్కు" అంది.

ప్రేమదాసు వెనకెక్కాడు.