ఏడెనిమిదులు యాభై నాలుగు

సోమవారం నుంచీ ఓజెల్లా చెయ్యి ఎత్తుతూనే ఉంది. మిస్ పికెన్స్ చూపు మాత్రం ఆ చేతి పక్కనుంచీ, పైనుంచీ జారిపోతూనే ఉంది. ఆ అలబామా బడిలో, ఇరవై తొమ్మిదిమంది తెల్లపిల్లల మధ్య కూర్చున్న ఒకే ఒక్క నల్లపిల్ల కనబడలేదంటే, టీచరమ్మ కళ్ళు ఎంత సాధన చేసి ఉండాలో!

"శుక్రవారం దాకా చూస్తానే," అంది అమ్మమ్మ వెర్నీస్, మొక్కజొన్న రొట్టె పొయ్యిలోంచి తీస్తూ. "ఒక్కసారైనా ఆవిడ నిన్ను పేరుపెట్టి పిలవకపోతే మళ్ళీ మన బడికే. కోర్టు మనకి తెల్లబడి తలుపులు తీయించింది గానీ, లోపలున్నోళ్ళ నోళ్ళు తీయించలేదుగా!"

ఓజెల్లాకి వెనక్కి వెళ్ళడం చచ్చినా ఇష్టం లేదు. పైగా మిస్ పికెన్స్ గుట్టు తన సంచిలోనే ఉంది.

తెల్లబడిలో వాడి పారేసిన పుస్తకాలే నల్లబడికి వచ్చేవి. ఓజెల్లా నిరుడు చదివిన లెక్కల పుస్తకం అట్ట లోపల మొదటి పేరు లొరెట్టా పికెన్స్, 1949. అంటే చిన్నప్పటి ఈ టీచరమ్మే. దాని కింద ఆరు పేర్లు, అన్నీ నల్లబడి పిల్లలవే. చివరిది ఓజెల్లాది. ఆ లొరెట్టా పేజీకో తప్పు చేసింది. నలభయ్యో పేజీలో తన పంతులు బొమ్మ గీసి గాడిద చెవులు తగిలించింది. ఆవిడ తప్పులు చెరిపీ చెరిపీ ఓజెల్లా రబ్బరు అరిగిపోయింది.

శుక్రవారం బోర్డు మీద పెద్ద గుణకారం చేస్తూ మిస్ పికెన్స్ ఏడెనిమిదులు యాభై నాలుగు వేసేసింది. ఓజెల్లా చెయ్యి లేచింది. చూపు జారిపోయింది. ఇక పిల్ల తమాయించుకోలేకపోయింది.

"యాభయ్యారు టీచర్! అప్పుడూ మీరు యాభై నాలుగే వేశారు. నేనే దిద్దాను."

"అప్పుడా? ఎప్పుడు?"

ఓజెల్లా పుస్తకం తెచ్చి బల్ల మీద పెట్టింది. మిస్ పికెన్స్ తన పేరు చూసుకుంది, పేజీలు తిప్పింది, నలభయ్యో పేజీ దగ్గర ఆగిపోయింది. ముఖం ఎర్రబడింది. పెదవులు బిగించినా నవ్వు ముక్కులోంచి తన్నుకొచ్చింది.

"ఇది నేను ఉంచుకోనా, ఓజెల్లా?"

పేరు! ఓజెల్లా గుండె గంతులేసింది. అయినా పుస్తకాన్ని మెల్లగా తన వైపు లాక్కుంది.

"కుదరదు టీచర్. మీరు పారేశారు, మేం ఆరుగురం దాచుకున్నాం. చెవులు చూడాలనిపిస్తే పిలవండి, తెస్తాను. పేరు తెలుసుగా!"

మిస్ పికెన్స్ సుద్దముక్క ఆ పిల్ల చేతికిచ్చి బోర్డు వైపు చూపించింది. ఓజెల్లా యాభై నాలుగు చెరిపి యాభయ్యారు వేసింది. ఆమెకది అలవాటైన పనే.