పై సగం, కింది సగం

క్లారినెట్ పై సగాన్ని నోట్లో పెట్టుకుని, రంధ్రాలన్నీ వేళ్ళతో మూసి, అడుగును అరచేత్తో అదిమి, లోపలి గాలిని పూర్తిగా పీల్చేసి ఆగాడు. కళ్ళు మూసుకుని లెక్కపెట్టుకున్నాడు. మీటల కింద మెత్తలు అరిగిపోయి ఉంటే నాలుగు అంకెలు లెక్కపెట్టేలోగా గాలి దొంగలా లోపలికి దూరుతుంది. ఇది పదహారు దాకా ఆగింది. పెదవులు తీయగానే బుడగ చిట్లినట్టు చిన్న చప్పుడైంది.

అతను పనిచేసే పాత వాయిద్యాల షాపులో అందరూ అతన్ని ఊపిరాయన అంటారు. ఇళ్ళకు వెళ్ళి పాత క్లారినెట్లూ ఫ్లూట్లూ శాక్సఫోన్లూ పరీక్షించి కొనుక్కురావడం అతని ఉద్యోగం. ముప్ఫై నాలుగేళ్ళుగా అదే పని. ఊదడం మాత్రం రాదు. నేర్చుకోవాలని ఎప్పుడూ అనిపించలేదు. ఈత రానివాడు పడవలు అమ్ముకుని బతికినట్టుంది నీ బతుకు అని అతని భార్య నవ్వేది. అతనూ నవ్వేవాడు. పొద్దున్నే దేవుడికి దణ్ణం పెట్టుకుని, ఇవాళ నా చేత ఎవరికీ మోసం జరగకుండా చూడు తండ్రీ అని ఒక్క మాట అనుకుని సంచి భుజాన వేసుకునేవాడు. సంచిలో చిన్న టార్చి, పల్చటి కాగితాల పొత్తం, మెత్తటి గుడ్డ, స్క్రూడ్రైవరు.

అమ్మకానికి పెట్టిన మనిషి ఎదురుగా, తాళ్ళతో కట్టిన అట్టపెట్టె మీద కూర్చున్నాడు. అరవై దగ్గర పడినవాడు. మాట్లాడినప్పుడల్లా మధ్యలో ఆగి గాలి కూడదీసుకుంటున్నాడు. నీటి బిల్లుల ఆఫీసులో కౌంటరు మీద పనిచేసి రిటైరయ్యాడు. ఆయన భార్య తలుపు దగ్గర నిలబడి కుంచెలు, చీపుళ్ళు ఒక కట్టగా కడుతూ ఇదంతా చూస్తోంది.

“ఊదకుండా పీలుస్తారేంటి అన్నయ్యా?” అంది.

“మంచిదైతే ఊపిరి బిగబట్టి కూర్చుంటుందమ్మా. చెడ్డదైతే వెంటనే వదిలేస్తుంది” అన్నాడు.

“మా ఆయనకి చెప్పండి, ఆయన వదిలేసే రకం.”

కింది సగం పద్నాలుగు దాకా ఆగింది. టార్చి లోపలికి వేసి చూస్తే నల్లకర్ర గొట్టం నున్నగా మెరిసింది, పగులు లేదు. ఒక్కో మెత్త కిందా కాగితం పెట్టి లాగితే అన్నిచోట్లా ఒకేలా పట్టింది. ఇంత శుభ్రంగా ఉంచుకున్న వాయిద్యం చూసి చాలా ఏళ్ళయింది. చివరగా కళ్ళజోడు తుడుచుకుని, కర్ర మీద కొట్టిన నంబర్లు చూశాడు. రెండు సగాల మీదా ఒకే నంబరు ఉండాలి. పై సగం మీద నంబరు తొమ్మిదితో ముగిసింది. కింది సగం మీద ఎనిమిదితో.

గుడ్డతో రుద్ది మళ్ళీ చూశాడు. ఎనిమిదే.

అమ్మే ఆయన ఏమీ గమనించలేదు. “దాంట్లో ఏ లోపమూ ఉండదులెండి. లోపమంతా నాలోనే. స్వరం పట్టే చెవి నాకు లేదు” అన్నాడు, తనకి ఫలానా కూర పడదు అన్నంత మామూలుగా.

ఇరవై అయిదేళ్ళ వయసులో ఇష్టపడి కొన్నాడట. ఒక బ్యాండులో చేరాడట. సాధన జరుగుతుండగా బ్యాండు మాస్టారు కర్ర ఎత్తి అందరినీ ఆపి, కింది స్వరాలు దిగిపోతున్నాయి, నీకు వినపడటం లేదా అనేవాడట. ఎంత బిగబట్టినా దిగేవట. మూడు నెలల తర్వాత మాస్టారు భుజం మీద చెయ్యి వేసి, దేవుడు అందరికీ అన్నీ ఇవ్వడు అని పంపించేశాడు. ఆ తర్వాత ఆయన వెనక గదిలో తలుపు వేసుకుని ఊదుకునేవాడు. కింది స్వరం వచ్చినప్పుడల్లా పెదవి బిగించి దాన్ని పైకి నెట్టేవాడు. అలా నెట్టీ నెట్టీ కింది పెదవి లోపల కాయ కాసింది. ఇప్పుడు ఊపిరితిత్తులు పాడయ్యాయి. ఊదకూడదన్నారు డాక్టరు. నాలుగింటికి వ్యాను వస్తుంది. కొండ మీద మరదలి ఇల్లుంది, అక్కడ గాలి మంచిదట, వెళ్ళిపోతున్నారు. తిరిగి రావడం గురించి ఇద్దరూ ఏమీ అనలేదు.

ఎక్కడ కొన్నారని ఊపిరాయన అడిగాడు.

“మీ షాపులోనేనండీ. అందుకేగా మీకు కబురు పెట్టింది.”

ఊపిరాయన రెండు సగాలనూ గుడ్డ మీద పెట్టి లేచాడు. షాపులో ఒకటి చూసి రావాలి, నాలుగింటి లోపల వస్తాను, నేను రాకుండా వెళ్ళకండి అన్నాడు. తీసుకోరా ఏంటి అని ఆయన కంగారుపడ్డాడు. తీసుకుంటాను అన్నాడు గానీ, ఏం తీసుకుంటాడో అతనికే తెలియలేదు.

బస్సులో కిటికీ పక్కన కూర్చుని గుర్తు తెచ్చుకోవాలని చూశాడు. అతను ఉద్యోగంలో చేరిన మొదటి నెలలో షాపుకు ఒక వాయిద్యాల జంట వచ్చింది. ఒకే పెట్టెలో రెండు క్లారినెట్లు, ఒకటి కాస్త పొడుగు, ఒకటి కాస్త పొట్టి. రెండింటి స్వరానికీ అర మెట్టు తేడా. వాయించేవాళ్ళు వాటిని అక్కా చెల్లెళ్ళు అంటారని షాపు పాత యజమాని చెప్పాడు. రెండూ కలిపి కొనేవాళ్ళు దొరకక విడివిడిగా అమ్మకానికి పెట్టారు. చెల్లెలు వెంటనే అమ్ముడుపోయింది. అక్క మాత్రం షాపులోనే ఉండిపోయింది. ఎవరు ఊదినా మొహం చిట్లించి కింద పెట్టేవాళ్ళు.

నాలుగు ముక్కలు ఒకే గుడ్డ మీద పరిచి నూనె రాయడం గుర్తుంది. ఎవరో తలుపు తోసుకుని రావడం గుర్తుంది. ముక్కలను మళ్ళీ జోడించిందెవరు? తనా, యజమానా? ఎంత తవ్వినా అక్కడికి వచ్చేసరికి గుడ్డ కనిపిస్తోందే గానీ చేతులు కనిపించడం లేదు. యజమాని పోయి పదేళ్ళయింది. అడగడానికి ఎవరూ లేరు. తండ్రీ, ఇన్నేళ్ళూ రోజూ నిన్ను అడిగానే, నేను అడగడం మొదలుపెట్టక ముందే జరిగిపోయిందా అనుకున్నాడు. ఆ మాట దేవుణ్ణి నిలదీసినట్టుందేమోనని చెంపలు వేసుకున్నాడు. పక్క సీటావిడ వింతగా చూసింది.

షాపులో యజమాని కూతురు, అందరూ చిన్నమ్మగారు అని పిలిచే ఆవిడ, లెక్కల్లోంచి తలెత్తి చూసింది. ఊపిరాయన స్టూలెక్కి పై అరలోంచి అక్కను దించాడు.

“ఏంటి ఊపిరాయనా, ఇన్నాళ్ళకి దాని మీద ప్రేమ పుట్టింది?”

పై సగం మీద పసుపుపచ్చ కాగితం అంటించి ఉంది. ‘స్వరం సరిలేదు’ అని రాసి ఉంది. దస్తూరీ తనదే. తడిగుడ్డతో కాగితాన్ని నానబెట్టి గోటితో గీకాడు. కింద నంబరు బయటపడింది. ఎనిమిది. కింది సగం తిప్పి చూశాడు. తొమ్మిది. తప్పును కప్పిన కాగితం కూడా తన చేత్తో అంటించినదే.

కింది సగాన్ని ఊడదీసి సంచిలో పెట్టుకుని, పై సగాన్ని మళ్ళీ అరలో పెట్టేసి పరుగులాంటి నడకతో బయటపడ్డాడు.

తిరిగి వెళ్ళేసరికి మూడున్నర దాటింది. గది ఖాళీ అయిపోయింది, గోడల మీద పటాలు తీసిన చోట తెల్లటి చదరాలున్నాయి. క్లారినెట్ మాత్రం గుడ్డ మీద అలాగే ఉంది. ఊపిరాయన నిలబడే, ఊపిరి తీసుకోకుండా చెప్పేశాడు. దీని పై సగం ఒకదానిది, కింది సగం ఇంకొకదానిది. దీన్ని సరైన స్వరంలో ఎవరూ వాయించలేరు. మీ చెవిలో ఏ లోపమూ లేదు.

ఆయన వాయిద్యం కోసం చెయ్యి చాచాడు.

భార్య వద్దంది. డాక్టరు మాట గుర్తు చేసింది. అయిదు స్వరాలే అన్నాడాయన. చెల్లెలి పై సగానికి చెల్లెలి కింది సగాన్ని బిగించి, నోటి దగ్గరి రీడును నాలుకతో తడిపి, మెల్లగా ఊదాడు. పై స్వరాలు తేటగా వచ్చాయి. కిందికి దిగేసరికి పెదవి దానంతటదే బిగుసుకుంది. స్వరం పైకి జారిపోయింది. మళ్ళీ ఊదాడు. మళ్ళీ అంతే. వాయిద్యాన్ని ఒళ్ళో పెట్టుకుని ఆయాసపడుతూ నవ్వాడు.

“ఇప్పుడు ఎక్కువవుతోంది. చూశారా, సరైంది ఇచ్చినా నాకు రాదు.”

“ఎక్కువవుతోందని మీకెలా తెలిసింది?” అన్నాడు ఊపిరాయన.

“వినపడుతోంది కదండీ.”

అన్నాక ఆయన మొహంలో నవ్వు ఆగిపోయింది. తన మాటనే మళ్ళీ విన్నవాడిలా తల కాస్త పక్కకు వంచాడు. భార్య చేతిలోని తాడు కిందికి జారింది.

“అప్పుడూ వినపడేది” అన్నాడు మెల్లగా. “దిగిపోతోందని నాకు తెలిసేది. తెలియకపోతే పైకి ఎందుకు నెడతాను? మాస్టారు చెవి లేదంటే లేదనే అనుకున్నాను.”

ఊపిరాయన ఇక దాచలేకపోయాడు. “ఆ రోజు షాపులో ముక్కలు తప్పుగా జోడించింది నేనే అయ్యుంటానండీ.”

“అయ్యుంటాను ఏంటి? మీరేనా, కాదా?”

“గుర్తు లేదు.”

“గుర్తు లేకపోతే ఎందుకు ఒప్పుకుంటున్నారు?”

“మీరు వెళ్ళిపోయే లోపల ఎవరో ఒకరు ఒప్పుకోవాలి కదండీ.”

ఆయన కోప్పడతాడేమోనని ఎదురుచూశాడు. కోప్పడితే బాగుండుననిపించింది. భార్య ముందుకొచ్చి తాడు తీసుకుంది.

“ఆ మాస్టారు పంపించెయ్యకపోతే మా ఆఫీసులో చేరేవారా మీరు? నా పక్క కౌంటర్లో కూర్చునేవారా?” అంది భర్తతో. “ఇప్పుడు నేను ఈ అన్నయ్యని తిట్టాలా, దణ్ణం పెట్టాలా?”

కింద వ్యాను హారన్ మోగింది.

ఆయన లేచి, సరిగా జోడించిన చెల్లెల్ని పెట్టెలో పడుకోబెట్టి ఊపిరాయనకిచ్చాడు. కాయ కాయని పెదవి ఉన్నవాళ్ళకివ్వండి అన్నాడు. గుడ్డ మీద మిగిలిన కింది సగాన్ని, ఎనిమిదితో ముగిసేదాన్ని, తన కోటు లోపలి జేబులో పెట్టుకున్నాడు.

“ఇది నేను తీసుకెళ్తాను. ఇన్నేళ్ళూ నాకు అబద్ధం చెప్పింది ఇదే. అలవాటైపోయింది.”

మెట్లు దిగడానికి చాలాసేపు పట్టింది. ఒక్కో మెట్టు మీదా ఆగి గాలి పీల్చుకున్నాడు. వ్యాను తలుపు మూసుకునే ముందు భార్య చెయ్యి ఊపింది. ఆయన ఊపలేదు. కోటు మీద, జేబు ఉన్నచోట చెయ్యి వేసుకుని ఎదురుగా చూస్తూ కూర్చున్నాడు. వ్యాను మలుపు తిరిగింది.

ఊపిరాయన షాపుకు తిరిగి వచ్చేసరికి చిన్నమ్మగారు సగం షట్టరు దించింది. మంచిది దొరికిందా అని అడిగింది. దొరికింది అన్నాడు. మరి మొహం అలా ఉందేం అంది. చేసింది తనో కాదో, జరిగింది చెడో మంచో, ఏదీ తేలలేదు. రేపు పొద్దున దేవుడి ముందు నిలబడి ఏం అడగాలో కూడా తెలియడం లేదు. స్టూలెక్కి పై అరలోకి చూశాడు. అక్కడ అక్క పై సగం ఒక్కటే ఉంది. అడుగున, ముప్ఫై నాలుగేళ్ళు పరాయి సగాన్ని పట్టుకుని ఉన్న బెండు లాంటి కార్కు పట్టీ చుట్టూ రాసిన మైనం ఇంకా ఆరలేదు.