దొరసానిని అప్పగించిన రోజు

ఇస్త్రీ బల్ల మీద తెల్లచొక్కా కాలరు పరిచి, కాలితో మీట నొక్కి, భుస్సుమని లేచిన ఆవిరిలో మొహం పెట్టి అతను నవ్వుకుంటున్నాడు. చొక్కాలను చూసి ఎవరూ నవ్వరు. అవతలి బల్ల దగ్గర దుప్పట్లు మడిచే ఆవిడకి అది వింతగా తోచింది. లాండ్రీలో అందరూ ఆమెను మడతలక్క అంటారు. ఉండబట్టలేక అడిగేసింది.

"ఏంటి సంగతి? పొద్దున్నుంచీ గాల్లో తేలిపోతున్నావు!"

"సాయంత్రం మా దొరసానిని తీసుకెళ్ళడానికి వస్తున్నారక్కా! మొన్న వాళ్ళొచ్చినప్పుడు వాళ్ళ చేతిలోంచి తినేసింది, తెలుసా?"

దొరసాని అంటే కుక్క. మూతపడ్డ గోదాములో ఎవరో గొలుసుతో కట్టేసి వదిలేస్తే, కుక్కల షెల్టర్ వాళ్ళు విడిపించి తెచ్చిన గోధుమరంగు కుక్క. శాశ్వతంగా పెంచుకునేవాళ్ళు దొరికేదాకా దాన్ని ఎవరో ఒకరు ఇంట్లో ఉంచుకోవాలి, మనుషుల్ని అలవాటు చెయ్యాలి, తర్వాత అప్పగించెయ్యాలి. ఆ పని అతను నెత్తికెత్తుకున్నాడు. చలికాలం మొదట్లో వచ్చింది. ఇప్పుడు ఎండలు ముదిరాయి.

అతనిది చెప్పుకోదగ్గ జీవితమేమీ కాదు. మనిషి పొట్టి. ఆవిరికి ముంజేతుల మీద వెంట్రుకలు ఏనాడో పోయాయి, మొహం ఎప్పుడూ ఉడికినట్టు ఎర్రగా ఉంటుంది. పెళ్ళికి ముందు చేరిన లాండ్రీలోనే ఇప్పటికీ ఉన్నాడు. వీధిలో పోయే చొక్కాని అతను గుర్తుపడతాడు గానీ, ఆ చొక్కా తొడుక్కున్నవాడు అతన్ని గుర్తుపట్టడు. ఆ బాధా అతనికి లేదు.

మడతలక్క దుప్పటి అంచులు కలుపుతూ దగ్గరికొచ్చింది. "నాకూ ఒకదాన్ని తెచ్చుకోవాలనుంది. ఏమంటావు?"

ఈ జన్మలో అతన్ని సలహా అడిగిన మొదటి మనిషి ఆమే. అతని మొహం చాటంత అయింది.

"తెచ్చుకో! కానీ ముందు ఇంటి ఓనర్ని అడుగు. మీ అత్తగారిని ఒప్పించు. నువ్వు పొద్దంతా ఇక్కడుంటే దాన్ని చూసేదెవరు? మా ఆవిడంటే ఇంట్లోనే కుట్టుపని చేసుకుంటుంది. డాక్టరు దగ్గరికి తిప్పాలి. ఇల్లంతా పాడుచేస్తుంది, కసురుకోకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, దాంతో వచ్చిన గుడ్డ ఉతక్కు!"

"అదేంటి?"

అతను సిగ్గుపడుతూనే ఉత్సాహంగా చెప్పాడు. షెల్టర్ మేడమ్ కుక్కతో పాటు మట్టిగొట్టుకుపోయిన కంబళి ముక్క ఒకటి ఇచ్చింది. లాండ్రీ చేతులు ఊరుకుంటాయా? సబ్బు పెట్టి ఉతికి, చుక్క మరక లేకుండా ఇస్త్రీ చేసి, నాలుగు మడతలు పెట్టి దాని ముందుంచాడు. అది వాసన చూసింది. మళ్ళీ చూసింది. తర్వాత మంచం కిందికి దూరి, ఎంత బతిమాలినా బయటికి రాలేదు. కొత్త ఇంట్లో దానికి తెలిసిన వాసన అదొక్కటే, దాన్ని కాస్తా అతను ఉతికిపారేశాడు. ఇక చేసేదేముంది? రోజూ పని నుంచి వచ్చి, చెమట చొక్కాతోనే మంచం పక్కన నేల మీద పడుకునేవాడు. చివరికి ఒకనాడు అది పాక్కుంటూ వచ్చి అతని చంకలో మూతి పెట్టింది.

"ఇంత చేసి ఇచ్చేస్తావా?" అంది మడతలక్క.

"ఇవ్వకపోతే ఎలా? మేడమ్ మొదట అడిగిందే అది. తిరిగి ఇవ్వగలవా అని. ఓ, ఇచ్చేస్తానన్నాను."

అతని సంతోషం అబద్ధం కాదు. పిలిస్తే వణికిపోయిన కుక్క ఇవాళ సొంత ఇంటికి వెళ్తోంది మరి! కానీ భయమూ ఉంది. తీరా వెళ్ళే వేళకి అది వెనక్కి తిరిగి చూస్తే, ఆ మాట మీద నిలబడగలడా?

పని అవగానే దాదాపు పరుగెత్తుకుంటూ ఇంటికొచ్చాడు. ఉన్నదొక్క గది. భార్య కుట్టుమిషను ఆపేసి నేల మీద కూర్చుంది. ఆమె ఒళ్ళో తల పెట్టుకుని దొరసాని నిద్రపోతోంది. అది గడపలో అడుగుపెడితే పుట్టింటికి పోతానని బెదిరించిన మనిషి ఈమే.

"ఇవ్వొద్దు," అంది.

"మాటిచ్చాం కదే!"

"ఏమయ్యా, ఇన్నేళ్ళూ ఊళ్ళోవాళ్ళ బట్టలు ఇస్త్రీ చేసి ఇచ్చేశావు. ఇదీ బట్టేనా?"

అతను వంగి దొరసాని చెవి నిమిరాడు. నెమ్మదిగా అన్నాడు. "దీన్ని ఉంచేసుకుంటే ఇంకోదానికి చోటేది? షెల్టర్లో ఎన్ని ఉన్నాయో నువ్వూ చూశావుగా."

ఆమె మొహం తిప్పుకుంది.

కారొచ్చింది. బస్సు డ్రైవరుగా చేసే ఆయనా, ఆయన కూతురూ దిగారు. ఆ అమ్మాయి గొలుసు అందుకుని మెల్లగా పిలిచింది. దొరసాని తోకాడిస్తూ మెట్లు దిగింది, కారు తలుపు దాకా వెళ్ళింది, ఆగి వెనక్కి చూసింది. అతను ఎంత బిగపట్టుకున్నా నోరు జారింది.

"దొరసానీ!"

అంతే. గొలుసు లాక్కుని వచ్చి అతని కాళ్ళకు చుట్టుకుంది. అతను దాని మెడ పట్టుకుని కూలబడిపోయాడు. డ్రైవరు టోపీ తీసి చేత్తో తిప్పుతూ నిలబడ్డాడు.

భార్య వచ్చి గొలుసు చేతిలోకి తీసుకుంది. "దా తల్లీ, నేనూ వస్తాగా," అంటూ కారు దాకా నడిపించింది. ముందు తను వెనక సీట్లోకి ఎక్కి కూర్చుంది. దొరసాని ఒక్క గెంతులో పక్కనెక్కింది. అటునుంచి ఆ అమ్మాయి ఎక్కి దాని వీపు నిమరడం మొదలుపెట్టింది. అది ఆ చేతిని నాకుతుండగా ఇతని భార్య చప్పుడు కాకుండా ఇవతలి తలుపులోంచి దిగి, తలుపు మూసేసింది.

కారు కదిలింది. వీధి మలుపు దగ్గర కిటికీలోంచి గోధుమరంగు తల ఒకటి బయటికొచ్చింది, చెవులు గాలికి ఎగురుతున్నాయి.

"చూశావా! తల బయటపెట్టింది! భయపడట్లేదే!" అతను చప్పట్లు కొడుతూ మలుపు దాకా పరుగెత్తాడు. కళ్ళనీళ్ళు కారుతున్నా తుడుచుకోలేదు.

తిరిగొచ్చేసరికి భార్య గది ఊడుస్తోంది. మంచం కింద చీపురుకి ఏదో తగిలి టక్కుమంది. వంగి బయటికి లాగింది.

"దొంగపిల్ల! ఇదెక్కడ పోయిందా అని ఇల్లంతా వెతికాను," అంటూ నవ్వి, పమిటతో మొహం ఒత్తుకుంది.

కడక్కుండానే గరిటెల బుట్టలో మిగతావాటి మధ్య దాన్ని నిలబెట్టింది. చెక్క గరిటె. పిడి నిండా పళ్ళగాట్లు, చివర ఇంకా తడి ఆరలేదు.